ఒక పాత్ర, ముగ్గురు గాయకులు: పద్యనాటక ప్రదర్శనలో గాత్రమే వస్తువైన తీరు

వ్యాససంగ్రహం

రాత్రంతా సాగే పౌరాణిక పద్యనాటకాన్ని సాహిత్యచరిత్రలు ఎక్కువగా నాటకకళా ప్రమాణాలతోనే తూచాయి. పాత్రను ముక్కలు చేయడం, రాగాలు సాగదీయడం, ‘వన్స్‌మోర్’లకు తలొగ్గడం దాని లోపాలుగా నమోదయ్యాయి. ఈ లక్షణాలన్నీ ఒకే సూత్రానికి కట్టుబడి ఉన్నాయనీ, ఆ రాత్రి నాటకం పేరుతో జరిగేది స్థానిక గాయకుల గాత్రసభ అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పద్యఛందస్సుకూ రాగవిస్తారానికీ ఉన్న సంబంధం, ప్రదర్శనలోకి బయటి పద్యాలు వచ్చి చేరిన తీరు, మైకు, గ్రామఫోను రికార్డులు తెచ్చిన మార్పులు ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: పద్యనాటకం, రంగస్థల పద్యగానం, రాయబారం, కాటిసీను, వన్స్‌మోర్, ఛందస్సు, స్థానిక గాయకులు.

1. ప్రవేశిక

శ్రీరామనవమికో, సంక్రాంతికో, గ్రామదేవత జాతరకో ఊళ్లో వేసే నాటకపు కరపత్రంలో నాటకకర్త పేరు చాలాసార్లు కనిపించదు. కనిపించేవి పాత్రల పేర్లు, వాటి ఎదుట నటుల పేర్లు. ‘కురుక్షేత్రం’ అయితే శ్రీకృష్ణుడు ఒక్కడు కాడు; ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని వరుసగా ముగ్గురుంటారు. ‘సత్య హరిశ్చంద్ర’ అయితే కాశీలో ఆలుబిడ్డలను అమ్ముకునే హరిశ్చంద్రుడు ఒకరు, కాటికాపరి అయిన హరిశ్చంద్రుడు మరొకరు. పాత్ర ఒకటే, వేషం ఒకటే, కిరీటం కూడా తరచు ఒకటే. మారేది గొంతు.

నాటకాన్ని సాహిత్యప్రక్రియగా చదివినవారికి ఇది వింతగానే తోస్తుంది. పాత్రకు ఏకత్వం లేనిచోట పాత్రపోషణ అనే మాటకే అర్థముండదు. కథ నడవవలసిన చోట రాగం నడుస్తుంది. దూతగా వచ్చిన కృష్ణుడు కౌరవసభవైపు కాక ప్రేక్షకులవైపు తిరిగి పద్యమెత్తుకుంటాడు. ఈ విమర్శలు కొత్తవి కావు. పద్యనాటకం బాగా వెలిగిన రోజుల్లోనే పుట్టాయి. వాటిలో సత్యమూ ఉంది. అయితే ఆ విమర్శలు ఒక ప్రశ్నను వేయకుండా వదిలేశాయి: ఇన్ని ‘లోపాలు’ ఉన్న ప్రదర్శనను, కథ ముందే తెలిసిన ప్రేక్షకులు, తెల్లవారేదాకా ఎందుకు కూర్చుని చూశారు?

దీనికి ‘పామరరంజకత్వం’ అన్న పాత సమాధానం సరిపోదు. పామరులని చెప్పబడినవారు శార్దూల మత్తేభాలను రాత్రంతా విన్నారు. బడికి వెళ్లనివారు సైతం వాటిని కంఠస్థం చేసి పొలం గట్ల మీద పాడుకున్నారు. సంస్కృత సమాసభూయిష్ఠమైన వృత్తపద్యం ఇంతమంది నోళ్లలో నిలవడానికి పాఠశాలకన్నా ఈ వేదికే పెద్ద కారణమని చెప్పడం అతిశయోక్తి కాదు. ఆ వేదికను విఫలనాటకంగా లెక్కకట్టి వదిలేస్తే, దాన్ని మోసిన గాయకుల విద్య కూడా లెక్కలోకి రాకుండా పోతుంది.

2. వచనం నుంచి పద్యానికి

తెలుగు నాటకప్రదర్శన పద్యంతో మొదలు కాలేదు. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తమ విద్యార్థులతో ఆడించిన తొలి ప్రదర్శనల లక్ష్యం సంఘసంస్కరణ. వాటి బలం సంభాషణలో ఉంది. ఆ కాలంలోనే ధార్వాడ నాటకసంఘం వచ్చి ఆంధ్రదేశంలో ప్రదర్శనలిచ్చింది. పార్శీ నాటకఫణితి, దాని వెంట తెరలు, హార్మోనియం, హిందుస్తానీ బాణీలు ప్రేక్షకుల రుచిని మార్చాయి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1887లో ‘చిత్రనళీయం’తో నాటకంలో పాటలకూ పద్యాలకూ స్థిరమైన చోటు కల్పించారు. ఆ తరువాత పద్యం లేని పౌరాణిక నాటకం ఊహకందనిదైంది. వచనంలోనే నిలిచిన ‘కన్యాశుల్కం’ వంటి మహానాటకం సాహిత్యంలో శిఖరమెక్కినా, ఊరి పందిరి మాత్రం పద్యానిదే అయింది.

తిరుపతి వేంకట కవుల పాండవనాటకాలు, ముఖ్యంగా ఉద్యోగ విజయాలు, ఈ పందిరికి మూలస్తంభాలు. ఆ కవులిద్దరూ అవధానులు. అవధానంలో పద్యం అప్పటికప్పుడు పుట్టి, సభ ఎదుట వినిపించి, చెవికి అందవలసినది. వారి నాటకపద్యాల్లోనూ ఆ గుణమే ఉంది: తెలుగు పలుకుబడి, ఎత్తుగడలో సంబోధన, ఎత్తిపొడుపు, చివరి పాదంలో దెబ్బ. కాగితం మీద కొన్ని పద్యాలు పలచగా కనిపించవచ్చు. గొంతులో అవే నిలబడతాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’ కరుణరసానికి అలాంటి ఆధారాన్నే ఇచ్చింది. ఊరి వేదిక మీద ‘కురుక్షేత్రం’ అని పిలిచేది ఒక గ్రంథానికి యథాతథ ప్రదర్శన కాదు. ఉద్యోగ విజయాల నుంచి, అవసరమైతే ఇతరచోట్ల నుంచి, పేరుపడిన పద్యాలను సీన్లవారీగా కూర్చిన ప్రదర్శనపాఠం. ఆ కూర్పు చేసినది ఎక్కువగా కవులు కారు, పాడేవారు.

3. ముగ్గురు కృష్ణుల తర్కం

కృష్ణపాత్రను పంచే పద్ధతి పైకి కాంట్రాక్టరు సౌకర్యంగా కనిపిస్తుంది. రాత్రంతా పై శ్రుతిలో పాడడం ఒక గొంతుకు కష్టం. పేరున్న ముగ్గురిని పిలిస్తే ముగ్గురి అభిమానులూ వస్తారు. ఈ రెండు కారణాలూ నిజమే. కాని పంపకం ఎక్కడ జరుగుతుందో చూస్తే మరొక తర్కం బయటపడుతుంది.

అర్జున దుర్యోధనులు సహాయమడగడానికి వచ్చే పడకసీను ఒకరికి వెళుతుంది. అక్కడ కావలసింది చమత్కారం, చిలిపితనం, మెత్తని గమకం. రాయబారం మరొకరిది; అక్కడ పద్యాలు బరువైనవి, స్వరం తారస్థాయికి పోవాలి, మాట ఈటెలా తగలాలి. యుద్ధరంగం ఇంకొకరిది. అంటే పంచేది పాత్రను కాదు, పద్యాల గుంపులను. ప్రతి గుంపూ ఒక రకం గాత్రాన్ని అడుగుతుంది. కచేరీలో ఒకే విద్వాంసుడు వర్ణం, కృతి, పల్లవి వరుసగా పాడుతూ తన వివిధ శక్తులను చూపుతాడు. ఇక్కడ ఆ వరుస కథలో ఉంది, శక్తులు వేర్వేరు మనుషుల్లో ఉన్నాయి.

దీని ఫలితం పోలిక. ఒకటో కృష్ణుడు దిగి రెండో కృష్ణుడు ఎక్కగానే ప్రేక్షకులు కథను కాక గొంతును కొలవడం మొదలుపెడతారు. వేషం, పాత్ర స్థిరంగా ఉన్నాయి కనుక తేడా అంతా పాడడంలోనే తేలుతుంది. ఒక ప్రయోగశాలలో మిగిలిన అంశాలన్నీ కదలకుండా ఉంచి ఒక్కదాన్నే మార్చినట్లుంటుంది ఇది. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి ప్రసిద్ధ కృష్ణపాత్రధారుల విషయంలో అభిమానులు పక్షాలుగా చీలి వాదించుకోగలిగారంటే, ఆ వాదాలకు ఆధారం ఒకే పద్యాన్ని పలు గొంతుల్లో విని ఉండడమే. హరిశ్చంద్రపాత్రలో డి.వి. సుబ్బారావును గుర్తుపెట్టుకున్నవారు నటనను తలచే ముందు పద్యపు ఎత్తుగడను తలుచుకుంటారు.

స్థానిక గాయకుడికి చోటు దొరికేది ఇక్కడే. రాయబారానికి బయటి నుంచి పేరున్న నటుణ్ణి పిలిచినా, పడకసీను అర్జునుడో, నక్షత్రకుడో, ధర్మరాజో ఆ ఊరివాడో పక్క ఊరివాడో అవుతాడు. పగలు రైతు, పంతులు, చిన్న దుకాణదారు. ఆ రాత్రి పేరున్న గొంతు పక్కన నిలబడి నాలుగు పద్యాలు పాడవలసినవాడు. వేషం కోసం తన చేతి డబ్బు వేసుకున్న ఔత్సాహికులూ ఈ రంగంలో ఉన్నారు. దీన్ని మోజుగా కొట్టివేయడం తేలిక. కాని తన ఊరివారి ముందు, తనకంటే మేటి అయిన గాయకుడి తరువాత గొంతెత్తడం ఎంత పెద్ద పరీక్షో సంగీతం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పద్యం తప్పితే మరునాటినుంచి ఊళ్లో ప్రతివాడూ సరిదిద్దేవాడే.

4. పద్యనిర్మాణం, గాత్రనిర్మాణం

రంగస్థల పద్యగానానికి తాళం లేదు. తబలా ఉన్నా అది పాటలకూ, పద్యం ముగిశాక వచ్చే ముక్తాయింపుకూ పరిమితం. లయ లేనిచోట పద్యాన్ని నిలబెట్టేది ఛందస్సు, ఊపిరి. ఈ రెండింటి మధ్య జరిగే బేరమే ఈ గానంలోని అసలు విద్య.

సంస్కృతఛందస్సులో యతి అంటే విరామం. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి. పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ పొత్తు. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం, శార్దూలంలో పదమూడో అక్షరం, మత్తేభంలో పద్నాలుగో అక్షరం యతిస్థానాలు. అక్కడ మాట విరగనక్కరలేదు, ఊపిరి ఆగనక్కరలేదు. పాదాంతంలో కూడా అంతే. మాట ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలోకి దూకవచ్చు. అందువల్ల గాయకుడికి ఎక్కడ ఆగాలన్న విషయంలో ఛందస్సు నుంచి ఆజ్ఞ లేదు. అర్థాన్ని బట్టి విరవవచ్చు. అచ్చులో నాలుగు పాదాలుగా ఉన్న వృత్తం గొంతులో ఎనిమిదో పదో ఊపిరులుగా మారుతుంది. ‘విరుపు’ అని నటులు పిలిచేది దీన్నే. మంచి విరుపు ఉన్న గాయకుడు దీర్ఘసమాసాన్ని సైతం వినేవాడికి విప్పి పెడతాడు. విరుపు తెలియనివాడు ఎంత తీయగా పాడినా పద్యం మూసిన మూటలాగే మిగులుతుంది.

పాదాల దగ్గర ఆగకపోతే పద్యరూపం చెదిరిపోదా అన్న సందేహం సహజం. చెదరకుండా కాపాడేది ప్రాస. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు తిరిగి వినిపిస్తుంది కనుక, గాయకుడు ఆగకపోయినా పాదం మారిన సంగతి చెవి పట్టేస్తుంది. లక్షణం పేరు తెలియని శ్రోత కూడా ‘ఎక్కడో తప్పింది’ అని గుర్తించగలగడం దీనివల్లనే.

రాగం తీయడానికి చోటు ఎక్కడ? ఇక్కడ ఒక ఛందోవిశేషం గమనించదగ్గది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం నాలుగూ గురువుతోనే ముగుస్తాయి. కందంలో రెండో పాదం, నాలుగో పాదం చివర గురువుండాలన్నది నియమం. అంటే ఈ పద్యాలకు చివర రాగం కూర్చోవడానికి పీట ముందే వేసి ఉంది. సీసం సంగతి వేరు. దాని కింద వచ్చే తేటగీతిగానీ ఆటవెలదిగానీ సూర్యగణంతో ముగుస్తుంది. సూర్యగణాలైన నగణం, హగణం రెండింటికీ చివర లఘువే. ముగింపులో పొట్టి అచ్చు వచ్చి పడుతుంది. అప్పుడు గాయకుడికి రెండు దారులు: ఆ హ్రస్వాన్ని లాగి దీర్ఘం చేయడం, లేదా పాదంలో వెనకనున్న దీర్ఘాక్షరం మీదే రాగమంతా పూర్తి చేసుకుని చివరి మాటను మాట్లాడినట్లుగా తుంచి వదలడం. మొదటిది సులువు, చప్పట్లు రాబడుతుంది. రెండోది కష్టం, కాని మాట రూపం చెడదు, నాటకీయత కూడా మిగులుతుంది. ఒక గాయకుడి స్థాయిని అంచనా వేయడానికి అతడి తారస్థాయి షడ్జంకన్నా అతడు గీతపద్యాన్ని ముగించే తీరే నమ్మకమైన కొలత.

సీసం ఈ వేదికకు ఎందుకంత ప్రీతిపాత్రమో కూడా దాని నిర్మాణమే చెబుతుంది. ప్రతి సీసపాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పాదం రెండు భాగాలుగా విరుగుతుంది. ఏ భాగపు యతి ఆ భాగానిదే. గాయకుడు మొదటి సగంలో స్వరాన్ని ఎక్కించి, రెండో సగంలో దించి, ఆ వంపునే నాలుగుసార్లు స్వల్ప భేదాలతో తిప్పుతాడు. వినేవాడికి బాణీ రెండో పాదానికే పట్టుబడుతుంది. మూడో పాదంలో ఏం మారుస్తాడోనని ఎదురు చూస్తాడు. తరువాత గీతపద్యంలో రాగం మారవచ్చు, స్థాయి పెరగవచ్చు. కచేరీలో అనుపల్లవి చేసే పనిని ఇక్కడ ఎత్తుగీతి చేస్తుంది.

రాగాల ఎంపికలో శాస్త్రీయసంగీతపు కట్టుబాట్లు సడలి ఉంటాయి. మోహన, కల్యాణి, కాంభోజి, హిందోళం పక్కనే భీంపలాస్, బాగేశ్రీ, దేశ్, బేహాగ్ వినిపిస్తాయి. దుఃఖానికి ముఖారి, శివరంజని. ఒకే పద్యంలో రాగం మారడం తప్పు కాదు. రాగస్వరూపం ఇక్కడ లక్ష్యం కాదు గనుక, లక్షణవేత్త దీనిలో తప్పులు ఎంచడం పడవను బండిచక్రాలు లేవని తప్పుపట్టినట్లవుతుంది.

5. వన్స్‌మోర్

పద్యనాటకం మీద వచ్చిన అధిక్షేపాల్లో ‘వన్స్‌మోర్’కు దక్కినంత వాటా మరిదేనికీ దక్కలేదు. చనిపోయిన పాత్ర లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చనిపోయిందన్న హాస్యకథ ప్రతి ప్రాంతంలోనూ ఏదో ఒక నటుడి పేరు మీద చలామణి అవుతుంది. బళ్లారి రాఘవ (1880–1946) వంటి మహానటులు పాటకన్నా నటనే నాటకానికి ప్రాణమని గట్టిగా నిలబడ్డారు. వారి పాత్రలు ఆ వాదానికి సాక్ష్యం. ఆధునిక తెలుగు నాటకం ఆ దారినే నడిచింది, నడవవలసినదే కూడా.

అయినా రెండోసారి పాడిన పద్యం మొదటిదానికి నకలు కాదు. ఎత్తుగడ అదే ఉంటుంది. విరుపు మారుతుంది, రాగం కూర్చునే మాట మారుతుంది, మొదటిసారి తేలికగా దాటేసిన సంబోధన రెండోసారి నిలిచి పలుకుతుంది. ప్రేక్షకుడు అడిగేది పద్యాన్ని కాదు, దాని మరొక రూపాన్ని. కచేరీలో నెరవు చేసేది ఈ పనే: ఒకే సాహిత్యపంక్తిని పలు విధాల పాడడం. అక్కడ దాన్ని విద్వాంసుడు తనంత తాను చేస్తాడు, ఇక్కడ సభ అడిగి చేయిస్తుంది. అడిగే హక్కు సభకు ఉండడం ఈ ప్రదర్శనలోని ఒప్పందంలో భాగం. పద్యానికీ పద్యానికీ మధ్య మైకులో చదివే చదివింపులు, అంటే ఫలానా ఊరి ఫలానావారు ఫలానా పాత్రధారికి ఇన్ని రూపాయలు అన్న ప్రకటనలు, ఆ ఒప్పందపు మరో ముఖం. కథాగమనానికి ఇది తప్పకుండా అడ్డమే. చదివింపుల మీద ఆశ గాయకుణ్ణి సులువైన మెరుపులవైపు నెడుతుందన్నదీ కాదనలేని మాట. ఈ విషయంలో రాఘవ పక్షంవారి చిరాకు అర్థం చేసుకోదగ్గదే.

కల్యాణం రఘురామయ్య ఉదాహరణ ఇక్కడ ఆలోచింపజేస్తుంది. ఆయన పద్యాన్ని నోటితో పాడి, నోట వేలుంచి అదే పద్యాన్ని ఈలలో పలికించేవారు. ‘ఈలపాట’ ఆయన ఇంటిపేరే అయింది. మాటలు లేని పద్యాన్ని జనం విని ఆనందించారంటే ఆ మాటలు అప్పటికే వారి లోపల ఉన్నాయని అర్థం. ఈల వినిపిస్తుంటే పద్యాన్ని పూరించుకున్నది శ్రోతలే.

6. కాటిసీనులో జాషువ

ఈ వేదిక మీద గాయకుడికి ఉన్న అధికారం ఎంతటిదో తెలియడానికి కాటిసీనును మించిన నిదర్శనం లేదు. వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరి అయిన హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూస్తూ పాడే పద్యాలకోసమే చాలామంది తెల్లవారుజాము దాకా మేలుకుంటారు. ఆ పద్యాల్లో అత్యంత ప్రసిద్ధమైనవి బలిజేపల్లివి కావు. అవి గుర్రం జాషువ ‘శ్మశానవాటి’ ఖండికలోనివి. నాటకంకోసం రాసినవి కావు. స్వతంత్ర ఖండకావ్యంగా పుట్టినవి. నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. అవి అక్కడ ఎంతగా అతికాయంటే, వినేవారిలో చాలామందికి కర్త వేరన్న సంగతే తోచదు.

ఈ చేర్పు యాదృచ్ఛికం అనిపించదు. కులం కారణంగా అవమానాలెన్నో పడిన కవి, మరణం ముందు హెచ్చుతగ్గులు నిలవవని చెప్పిన పద్యాలవి. రాజు కాటికాపరిగా నిలబడిన ఘట్టంలో ఆ మాటలకు కొత్త బరువు వస్తుంది. తన పద్యాలను ఏ పండితసభలు ఎంత గౌరవించాయన్న చర్చ అటుంచి, జాషువను వేలాది పందిళ్లకు చేర్చినది ఈ గాయకుల చెవి. సంకలనకర్తలు పాఠ్యపుస్తకాల్లో చేయవలసిన ఎంపికను వారు రంగం మీద చేశారు. ‘ప్రక్షిప్తం’ అన్న పరిష్కర్తల మాట ఇక్కడ పనికిరాదు. ఎందుకంటే చేర్చినవాడు దాన్ని దాచలేదు, ప్రేక్షకులూ వద్దనలేదు. ఈ పాఠానికి ప్రమాణం కవి ప్రతి కాదు, సభ ఆమోదం.

నటుడే కర్త అయిన సందర్భమూ ఉంది. స్త్రీపాత్రలకు పేరెన్నికగన్న స్థానం నరసింహారావు ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామకు తామే పాట రచించి చేర్చుకున్నారు. ముత్తరాజు సుబ్బారావు నాటకంకన్నా ఆ పాటే ఎక్కువకాలం నిలిచి, 1966 నాటి చలనచిత్రంలోకి కూడా వెళ్లింది.

7. శ్రుతి, రికార్డు, మైకు

మైకు రాకముందు వేలమందికి వినిపించవలసిన గొంతు సహజంగానే పై శ్రుతిని ఎంచుకుంది. కచేరీల్లో పురుషగాయకులు సాధారణంగా పాడే ఒకటి, ఒకటిన్నర శ్రుతులను దాటి, రంగస్థలగాయకులు నాలుగు, అయిదు శ్రుతులదాకా వెళ్లారు. ఆ ఎత్తులో గొంతు సన్నబడుతుంది. పదునెక్కి దూరం పోతుంది. హార్మోనియం ఆ గొంతుకు ఊతం. పద్యానికి ముందు రాగచ్ఛాయ చూపడం, విరుపుల మధ్య ఖాళీని నింపడం, గాయకుడు ఊపిరి తీసుకునేంతసేపు స్వరాన్ని నిలిపి ఉంచడం హార్మోనిస్టు పని. కొత్త గాయకుడికి గురువు చాలాసార్లు ఆయనే. ఏ పద్యం ఏ రాగంలో ఎవరెవరు ఎలా పాడారో ఆయన వేళ్లకు గుర్తుంటుంది. అయినా ఈ ప్రదర్శనల గురించిన రచనల్లో హార్మోనిస్టులకు దక్కిన చోటు అత్యల్పం.

గ్రామఫోను రికార్డు పద్యాన్ని నాటకం నుంచి మొదటిసారి పూర్తిగా విడదీసింది. 78 వేగపు రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. ఆ కొలతలో ఒక పద్యం, దాని రాగం సరిగ్గా ఒదుగుతాయి. కథ, సంభాషణ, ఎదుటిపాత్ర లేకుండా పద్యం ఇంట్లోకీ హోటల్లోకీ వచ్చింది. ఊరి గాయకుడు ఎన్నడూ చూడని నటుడి విరుపును సూదిముల్లు కింద పదేపదే విని నేర్చుకున్నాడు. వన్స్‌మోర్‌ను యంత్రం ఇంటికి తెచ్చిందనుకోవచ్చు. కాని ఆ వన్స్‌మోర్‌లో రెండోసారి ఏదీ మారదు. పద్యానికి ‘సరైన’ బాణీ ఒకటుంటుందన్న భావం బలపడడానికి ఇదొక కారణం.

మైకు వచ్చాక శ్రుతి దిగవలసింది. దిగలేదు, అలవాటు నిలిచింది. దిగినది నటుడి కదలిక. మైకు ఉన్నచోటే పద్యం గనుక పాత్రలన్నీ అక్కడికే వచ్చి, ముందుకు తిరిగి నిలబడడం ఆనవాయితీ అయింది. రాయబారంలో సభాసదులు వెనకబడి, కృష్ణుడు జనంతో మాట్లాడేవాడయ్యాడు.

మైకు ఇచ్చిన అవకాశాన్ని పూర్తిగా వాడుకున్నది చలనచిత్రం. ఘంటసాల (1922–1974) రంగస్థలపద్యాన్ని బాగా ఎరిగిన గాయకుడు. విజయనగరంలో శాస్త్రీయంగా సంగీతం నేర్చినవారు. సినిమాలో ఆయన పద్యాన్ని కుదించారు. రాగం అర్థానికి అవసరమైనంతే, విరుపు వచనానికి దగ్గరగా, శ్రుతి నిండుగా. 1967 నాటి ‘శ్రీకృష్ణావతారం’లో తిరుపతి వేంకట కవుల పద్యాలు ఆయన గొంతులో కొత్త అందంతో వినిపించాయి. ఆ తరువాత పుట్టిన స్థానిక గాయకుల ముందు రెండు నమూనాలున్నాయి: పీసపాటి, షణ్ముఖి వంటివారి రంగస్థలబాణీ, ఘంటసాల చిత్రబాణీ. నేటి వేదికల మీద వినిపించేది ఎక్కువగా ఈ రెండింటి మిశ్రమం. ఎత్తుగడ, నడక ఘంటసాలవి, ముగింపు రాగం నాటకానిది. మొదట అర్థం, చివర గాత్రం. ఈ అతుకు కొన్నిసార్లు బయటికి కనిపిస్తుంది. బాగా పాడేవారి దగ్గర కనిపించదు.

8. కథ తీసివేసిన తరువాత

పూర్తి నాటకం ఆడే రాత్రులు తగ్గిన కొద్దీ సీన్లే ప్రదర్శనలయ్యాయి. పడకసీను ఒక్కటే, రాయబారం ఒక్కటే, కాటిసీను ఒక్కటే వేస్తున్నారు. అంతకన్నా ముందుకు వెళ్లి, వేషం, తెర లేకుండా హార్మోనియం పక్కన కూర్చుని పద్యాలు మాత్రమే పాడే పద్యగాన సభలు, పోటీలు వచ్చాయి. ఇది పద్యనాటకపు క్షీణదశ అని చెప్పడం పరిపాటి. మరొక విధంగా చూస్తే, ఒక్కొక్కటే తొలగించుకుంటూ పోగా చివరికి మిగిలినదేదో అదే మొదటినుంచీ ఆ రాత్రికి కేంద్రంగా ఉన్నదని తేలుతుంది.

అయితే తొలగినవాటిలో పనికిమాలినవే లేవు. పూర్తిరాత్రి ప్రదర్శనకు తనదైన కాలక్రమం ఉంది. తెర లేవకముందు పాత్రధారులందరూ కలిసి ప్రార్థన పాడతారు. చందాల కేశవదాసు రచనగా ప్రసిద్ధమైన ప్రార్థనగీతం ఎన్నో సమాజాలకు ఉమ్మడి ఆస్తి. ఆ రాత్రి అందరూ కలిసి పాడేది అదొక్కటే. ఏ గొంతు ఎలా ఉందో, హార్మోనియం శ్రుతి ఎవరికి కుదిరిందో ఎవరికి ఇరుకైందో అక్కడే తెలిసిపోతుంది. తరువాత స్థానికుల పద్యాలు, జనం కుదురుకోవడం, అర్ధరాత్రి దాటాక పేరున్న గొంతులు, నిద్రమత్తును చీల్చే తారస్థాయి. కాటిసీను శోకం తెల్లవారుజామున వినడంలో ఉన్న తీవ్రత సాయంత్రం ఏడింటికి అరగంట ప్రదర్శనలో ఉండదు.

పరిశోధకులకు దీనివల్ల కలిగే చిక్కు ఏమంటే, మిగిలి ఉన్న ధ్వనిముద్రణల్లో చాలావరకు పద్యం మాత్రమే ఉంటుంది. హార్మోనియం ఎత్తుగడ, రెండోసారి పాడినప్పటి మార్పు, చదివింపుల ప్రకటన, సభ కేకలు కోత పడ్డాయి. పద్యపాఠాన్ని సరిచూడడానికి అచ్చుప్రతులున్నాయి. విరుపులను సరిచూడడానికి ఏ ప్రతీ లేదు. ఒకే ఊరి రెండు మూడు తరాల గాయకులు ఒకే రాయబారపద్యాన్ని ఎక్కడెక్కడ విరిచారో, గీతపద్యపు చివరి లఘువును ఏం చేశారో గుర్తులతో రాసిపెట్టే పని విశ్వవిద్యాలయాల తెలుగు, సంగీత, రంగస్థల శాఖలు కలిసి చేయదగ్గది. ఛందస్సు ఒకరికి, స్వరం ఒకరికి, రంగం ఒకరికి తెలియడం వల్ల ఏ ఒక్క శాఖా ఒంటరిగా దీన్ని పూర్తిచేయలేదు.

పద్యగాన పోటీల్లో ఇప్పటికే ఒక మార్పు కనిపిస్తోంది. గాయకుడికి కేటాయించేది కొన్ని నిమిషాలు. న్యాయనిర్ణేతల చేతిలో అచ్చుపాఠం ఉంటుంది. వన్స్‌మోర్‌కు వీలులేదు. ఉచ్చారణ శుద్ధమవుతోంది, పాఠం నిలకడగా ఉంటోంది. పద్యం చివరి రాగం మాత్రం గడియారం వైపు చూస్తూ ముగుస్తోంది.